లోపల కనుక్కోండి

మొన్న సంక్రాంతికి బెంగళూరు నుంచి వచ్చిన మా మేనల్లుడు, మా తాత కొన్న పొలం సంగతి నేను ముప్పావుగంట చెబితే ఓపిగ్గా విన్నాడు. విని, చివర్లో ఒకే మాట అన్నాడు.

"ఇదంతా చాలా ఎసోటెరిక్ మామా."

నేను ముప్పై నాలుగేళ్లు తెలుగు పండితుడిగా చేసి రిటైరైనవాణ్ణి. తెలియని మాట చెవిన పడగానే అర్థం అడగడం మా వృత్తిలో లేదు. గంభీరంగా తలాడించి, "అవును, మొదట్నించీ అంతే" అన్నాను. రాత్రి నిద్ర పట్టలేదు. పేరు చూస్తే గ్యాస్ ట్రబుల్ మాత్రలా ఉంది. మా వీధి చివర మందుల షాపులో అడిగితే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని చెప్పి స్ట్రిప్పు చేతిలో పెట్టేవాడే.

తెల్లారగానే లావుపాటి నిఘంటువు దించి దుమ్ము దులిపాను. కొద్దిమందికే తెలిసిన, బయటివాళ్లకు అంతుపట్టని విద్యను అలా అంటారట. పుట్టిల్లు గ్రీకు. 'ఎసో' అంటే లోపల. 'ఎసోటెరో' అంటే ఇంకా లోపల. 'ఎసోటెరికోస్' అంటే ఇంకా లోపలికి చెందినది. ఇంగ్లీషువాళ్లు 17వ శతాబ్దంలో దీన్ని ఇంటికి తెచ్చుకుని, తోక కత్తిరించి వాడుకుంటున్నారు.

పాఠకులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. లోపల అని ఊరుకోలేదు ఆ గ్రీకువాడు, 'ఇంకా లోపల' అన్నాడు. ఆ 'టెరో' మన సంస్కృతంలోని 'తర'కు తోబుట్టువు. గురువు, గురుతరం. లఘువు, లఘుతరం. బృహదారణ్యకోపనిషత్తు ఆత్మను 'అంతరతరం' అంది, అన్నిటికంటే ఇంకా లోపల ఉన్నదని. గ్రీకులు మన దగ్గర్నుంచే ఎత్తుకుపోయారని నేననను. అనేవాళ్లు మా పార్కులో పొద్దున నడిచే బ్యాచిలో నలుగురున్నారు, ఆ పని వాళ్లు చూసుకుంటారు. రెండూ ఒకే తాత మనవళ్లని మాత్రం భాషాశాస్త్రం ఒప్పుకుంటుంది.

అయినా ఈ మాట కోసం ఏథెన్సు దాకా పోవడమెందుకు? 'లోగుట్టు' మన దగ్గర ఉండనే ఉంది. గ్రీకు మాట విద్య లోపలుందని చెప్పి చేతులు దులుపుకుంది. మనవాళ్లు 'లోగుట్టు పెరుమాళ్లకెరుక' అని, అది ఎవరి దగ్గరుందో అడ్రసుతో సహా చెప్పారు. పెరుమాళ్లంటే తమిళంలో విష్ణుమూర్తి. నెల్లూరు వాళ్లకైతే పెన్న ఒడ్డున రంగనాయకులపేటలో ఉండే తల్పగిరి రంగనాథస్వామి. తల్పం అంటే పడక. అంటే లోగుట్టంతా తెలిసిన ఆయన పడుకుని ఉన్నాడు, ఏమీ తెలియని మేము క్యూలో నిలబడి ఉన్నాం. మా జిల్లా పరిపాలన గురించి ఇంత క్లుప్తంగా చెప్పిన సామెత ఇంకోటి నాకు తగల్లేదు.

ఇక ఈ గ్రీకు మాటను మొట్టమొదట రాతలో పెట్టింది ఏ మౌనస్వామో అనుకుంటే పొరపాటు. మనకు దొరుకుతున్నంతలో 2వ శతాబ్దపు లూసియన్. ఆయన వ్యంగ్య రచయిత. తత్త్వవేత్తల్ని సంతలో నిలబెట్టి వేలం వేసినట్టు ఒక హాస్యం రాశాడు. అరిస్టాటిల్ బాపతు మనిషిని అమ్మే వంతు రాగానే వేలం వేసే దేవుడు కొనేవాడితో అంటాడు కదా: ఇతను పైకి ఒకడు, లోపల ఇంకొకడు, ఒక్క ధరకు ఇద్దరొస్తారు, కొన్నాక ఒకణ్ణి ఎక్సోటెరిక్ అని, రెండోవాణ్ణి ఎసోటెరిక్ అని పిలవడం మర్చిపోకు అని. పాపం అరిస్టాటిల్ తన రాతల్లో 'బయటి' ప్రసంగాల ఊసెత్తాడు గానీ 'ఇంకా లోపలి' అన్న మాట ఎక్కడా వాడలేదు. నవ్వులాటకు కుట్టిన కోటును ఆ తర్వాత పెద్దమనుషులు పెళ్లిళ్లకు వేసుకుని తిరిగారు. మా వ్యంగ్యం రాసేవాళ్ల ఆస్తి అది. ఇన్ని వందల ఏళ్లలో ఎవరూ ఒక్క పైసా రాయల్టీ ఇవ్వలేదు.

ఎసోకు ఎదురుమాట ఎక్సో, బయట. దీనికి తెలుగులో సరైన మాట లేదని మా మేనల్లుడు వాదించాడు. ఉంది. ప్రతి ఊళ్లోనూ ఉంది. పోరంబోకు. తమిళంలో 'పుఱం' అంటే వెలుపల, 'పోక్కు' అంటే పోయినది. శిస్తు లెక్కకు వెలుపల పడిన నేల పోరంబోకు. వాగు, డొంక, శ్మశానం, మందబయలు అన్నీ ఈ ఖాతాలోవే. పని చేయకుండా తిరిగేవాణ్ణి కూడా తెలుగువాళ్లు అదే మాటతో పిలవడం తర్వాతి ముచ్చట. ఈ లెక్కన అరిస్టాటిల్ నలుగురి కోసం రాసినవి పోరంబోకు గ్రంథాలు, శిష్యులకు చెప్పినవి పట్టా గ్రంథాలు. ఈ అనువాదాన్ని విశ్వవిద్యాలయాలు ఉచితంగా వాడుకోవచ్చు.

సరే, మా పొలం దగ్గరికి వద్దాం. ఎకరా నలభై రెండు సెంట్లు. పెన్నకు ఉత్తరాన, ప్రకాశం జిల్లా పొలిమేరకు దగ్గర్లో. మా తాత కొన్నాడు, మా నాన్న దున్నాడు, నేను దానికోసం అర్జీలు రాస్తున్నాను. తిక్కన సోమయాజి ఈ నెల్లూరులో కూర్చుని భారతంలో 15 పర్వాలు తెనిగించాడు. నా అర్జీ పదహారో వాయిదాలో ఉంది. కవిబ్రహ్మను ఆ ఒక్క విషయంలో దాటేశాను.

పైథాగరస్ దగ్గర చేరిన కొత్త శిష్యుడు ఐదేళ్లు నోరు మెదపకూడదట. గురువు తెర వెనక కూర్చుని చెబుతాడు, శిష్యుడు తెర ఇవతల కూర్చుని వింటాడు. మొహం కనపడదు. ఐదేళ్లూ గట్టిగా నిలబడితే అప్పుడు తెర లోపలికి పిలుస్తారు. లోపలికి వెళ్లినవాళ్లే ఎసోటెరిక్‌లు. ఇదంతా ఆయన పోయిన కొన్ని వందల ఏళ్లకు ఇయాంబ్లికస్ అనే పెద్దమనిషి రాసిపెట్టాడు. చదువుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. అచ్చంగా మా ఆఫీసే! (ఏ ఆఫీసో చెప్పను. చెబితే పదిహేడో వాయిదా తప్పదు.)

తెర ఆకుపచ్చది. కింది అంచు, వచ్చేపోయేవాళ్ల చేతులు తగిలి తగిలి నల్లబడింది. తెర ఇవతల వరండా, వరండాలో బల్ల. బల్లకు ఒక కాలు పొట్టి, దాని కింద మార్కాపురం పలకరాయి ముక్క పెట్టారు. పొద్దున పదింటికి ఆ బల్ల మీద ఆరుగురం కూర్చుంటాం. ఒకాయన లేస్తే రాయి జారుతుంది, మిగతా ఐదుగురం ఒక పక్కకు ఒరుగుతాం. అందుకని ఎవరమూ లేవం. ఐదేళ్ల మౌనవ్రతానికి ఇంతకంటే మంచి ఏర్పాటు గ్రీకులు కూడా చేసుండరు.

అటెండరు మంచివాడు. నా దగ్గర ఏడో తరగతి చదివాడు.

"ఏం ఐవోరా, మళ్లా వచ్చారా?"

"మంగళవారం రమ్మన్నారు కదబ్బయ్యా."

"మంగళవారమే. ఏ మంగళవారమో చెప్పారా?"

చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడగాలని తెలిసి ఉండటమే లోపలి విద్య. నేను ఇంకా తెర ఇవతలే ఉన్నాను.

ఆ రోజు మధ్యాహ్నం తెర పక్కకు జరిగింది. వెళ్లాను. లోపల హాలు. హాల్లో నాలుగు టేబుళ్లు. మొదటి టేబుల్ దగ్గర కాగితం చూపిస్తే ఆయన చూడకుండానే "లోపల కనుక్కోండి" అన్నాడు. నేను లోపలే ఉన్నానని మనవి చేశాను. ఆయన తలెత్తి నన్ను జాలిగా చూసి, పెన్నుతో ఇంకో తలుపు చూపించాడు. 'తర' ప్రత్యయం అంటే ఏమిటో ముప్పై నాలుగేళ్లు పిల్లలకు చెప్పాను, నాకు అర్థమైంది మాత్రం ఆ పెన్ను చూశాకే. లోపలికి వెళ్లడం పెద్ద కష్టం కాదు. అక్కడ ఇంకో లోపల ఉంటుంది.

మా చిన్నతనంలో ఈ లోపలంతా ఒక మనిషి కడుపులో ఉండేది. ఆయన కరణంగారు. ఎర్రగుడ్డలో కట్టిన లెక్కల మూట, చెవి మీద కలం, గొలుసుకట్టు రాత. ఆ రాత ఎలా ఉండేదంటే, అక్షరాలన్నీ చేతులు పట్టుకుని తిరునాళ్లకు పోతున్నట్టుండేవి. ఎవరు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగారో ఆయనకొక్కడికే తెలుసు. ఊళ్లో ఎవరి గట్టు ఎటు జరిగిందో, ఎవరి తాత ఎవరికి నోటిమాట మీద ఎంత రాసిచ్చాడో అంతా ఆ మూటలో ఉండేది. 1984లో ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాల్ని రద్దు చేసింది. మంచి పనే. మూటలు వచ్చి ఆఫీసు చేరాయి. చదివే విద్యను కూడా అప్పగించమని మా ఊరి కరణాన్ని ఎవరూ అడగలేదు, ఆయనా గుర్తు చేయలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు బతికాడు. ఎవరైనా కాగితం పట్టుకుని వెళితే కళ్లజోడు కనపడట్లేదనేవాడు. కళ్లజోడు నుదుటి మీదే ఉండేది.

మా మేనల్లుడికి గ్రీకు కొత్త గానీ మా ఊరి రైతుకు కాదు. తెల్లదొరలు భూములు కొలిచి శిస్తు కట్టిన సెటిల్‌మెంటు నాటి పాత రిజిస్టర్ ఒకటుంది, పేరు డైగ్లాట్. తెలుగు, ఇంగ్లీషు రెండు భాషల్లో ఉంటుంది కనుక ఆ పేరు. 'డి' అంటే రెండు, 'గ్లోట్టా' అంటే నాలుక. ఎగగట్టిన పంచెతో, చేతిలో ముల్లుగర్రతో నిలబడి "డైక్లాట్ తీయిస్తే తేలిపోద్ది సార్" అనే మా ఎదురింటి రైతు, తనకు తెలియకుండానే ప్లేటో భాష మాట్లాడుతున్నాడు. భూమి రికార్డుకు 'రెండు నాలుకలు' అని తెల్లదొరలు బాహాటంగా పేరు పెట్టడం నాకు నచ్చింది. తర్వాత వచ్చినవాళ్లకు అంత నిజాయితీ లేదు.

ఏ చేను ఎవరు సాగుచేస్తున్నారో, ఏ పంట వేశారో రాసే లెక్క అడంగల్. ఆ మాట తమిళం. అన్నీ ఇమిడి ఉన్నది అని అర్థం. మా పొలం తప్ప అన్నీ ఇమిడి ఉన్నాయి. రెవెన్యూవాళ్ల సంవత్సరం పేరు ఫసలీ. అది అరబ్బీ నుంచి వచ్చింది, ఫసల్ అంటే పంటకాలం. అక్బరు కాలం నాటి లెక్క. క్రీస్తుశకం నుంచి 590 తీసేస్తే ఫసలీ వస్తుంది, సంవత్సరం జులై 1న మొదలవుతుంది. 2025 జులైలో 1435 ఫసలీ వచ్చింది. అందుకే నేను "2011 నుంచి తిరుగుతున్నా సార్" అంటే ఆఫీసులో ఎవరూ చలించరు. వాళ్ల రికార్డులో ఇంకా శ్రీనాథుడు బతికే ఉన్నాడు.

ఈ మాటలన్నీ దాచిపెట్టడానికే పుట్టాయని నేను అనుకోను. ఏ పని చేసేవాళ్లకైనా వాళ్ల మాటలు వాళ్లకుంటాయి. మా నెల్లూరులో ఇళ్లస్థలం అంకణాల్లో కొంటాం. అంకణం అంటే 72 చదరపు అడుగులు. తిరుపతిలోనూ అంకణమే, కానీ అక్కడ 36. మా మేనల్లుడి అత్తగారిది తిరుపతి. కుర్రాడు నెల్లూరులో స్థలం కొందామని అంకణం రేటు చెప్పగానే ఆయన మామగారు "ఏంది నాయనా, మా ఊరికి రెట్టింపా? నెల్లూరులో ఏముందని?" అని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఇద్దరూ నిజమే చెప్పుకున్నారు, ఇద్దరూ తెలుగే మాట్లాడారు. ఇద్దరి మధ్యా 36 చదరపు అడుగుల మార్మిక విద్య అడ్డం పడింది. ధాన్యం దగ్గరా అంతే. మా దగ్గర పుట్టి అంటే 850 కిలోలు, బయటి జిల్లాల వాళ్లు ఆ లెక్క వినగానే కాలిక్యులేటర్ తీస్తారు. రొయ్యల గుంట దగ్గర 30 కౌంట్ అంటే 100 కౌంట్ కన్నా పెద్ద రొయ్య, పెద్ద ధర. కిలోకు ఎన్ని తూగుతాయో అదే కౌంట్. మొదటిసారి విన్న ఎంబీఏ కుర్రాడు అంకె తగ్గితే నష్టం కదా అని దిగులుపడ్డాడు. ఇవన్నీ పది నిమిషాల్లో నేర్పగలిగినవి. అడిగితే టీ తాగించి మరీ చెబుతారు.

అడిగినా చెప్పలేనిది ఒకటుంది. మా అక్క చేపల పులుసు.

ఈ సంక్రాంతి తర్వాతి రోజునే మేనల్లుడి భార్య, పాపం శ్రద్ధగల పిల్ల, ఫోనులో రికార్డింగ్ పెట్టి పొయ్యి పక్కన నిలబడింది. మట్టిదాకలో నూనె కాగుతోంది. అక్క చెప్తోంది. చింతపండు పులుపు చూసుకుని పొయ్యాలి. కారం కంటికి కనపడాలి. మామిడికాయ ముక్కలు చివర్లో. ముక్క వేశాక గరిటె పెట్టకూడదు, దాక పట్టుకుని తిప్పాలి.

"ఉప్పెంత అత్తయ్యా?"

"తగినంత."

"అంటే రెండు స్పూన్లా?"

"స్పూనెందుకే, చేత్తో వెయ్యి."

"ఎప్పుడు దించాలి?"

"ఉడుకు చూసి."

"ఎలా చూడాలి?"

"చూస్తే తెలీదూ?" అని మా అక్క నిజంగానే ఆశ్చర్యపోయింది. పైగా ఈ పూట తినకూడదు, రేపు తినాలి అంది. అప్పటికే ఆ పిల్ల కంచం కడిగి పెట్టుకుంది.

ఆ రికార్డింగ్ పదకొండు నిమిషాలుంది. అందులో దాపరికం ఒక్క ముక్క లేదు, అయినా బెంగళూరు వెళ్లాక పులుసు కుదరలేదు. లోగుట్టులో కూడా రకాలున్నాయని చెప్పడానికి ఈ పిట్టకథ. మా అక్క చేతిలో ఉన్నది చెప్పడానికి రాని విద్య. ఆఫీసులో ఉన్నది చెప్పకూడదని పెట్టుకున్న విద్య. నిఘంటువు రెంటికీ ఒకే మాట వాడుతోంది, అది అక్కకు అవమానం.

దాపరికం పోగొట్టడానికి ప్రభుత్వాలు ప్రయత్నించలేదనడం అన్యాయం. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. 2015లో మీభూమి వెబ్‌సైటు వచ్చి అడంగల్, హక్కుదారుల పేర్లుండే 1-బి ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చన్నారు. 2019లో సచివాలయం మా వీధిలోకే వచ్చింది. తలుపులన్నీ బార్లా తెరుచుకున్నాయి. అదేం చిత్రమో, ప్రతి తలుపు తెరిచినప్పుడల్లా లోపల అనేది ఇంకో గది వెనక్కి జరిగింది. అడంగల్ అర్థమయ్యేలోగా రికార్డులన్నీ కంప్యూటర్‌కెక్కించిన వెబ్‌ల్యాండ్ వచ్చింది. వెబ్‌ల్యాండ్‌లో తప్పు సరిచేయించుకునేలోగా రీసర్వే వచ్చి, సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం, అంటే ల్యాండ్ పార్శిల్ మ్యాప్ నంబరు వచ్చింది. మా నాన్న పొలాన్ని పేరు పెట్టి పిలిచేవాడు, 'తుమ్మచెట్టు చేను' అని. నేను సర్వే నంబరుతో పిలిచాను. నా కొడుకు ఓటీపీతో పిలవాలి.

మా ఎదురింటి రైతు నెట్ సెంటరుకెళ్లి ప్రింటు తీయించుకొచ్చాడు. ముందు కరణానికి వంగి దండం పెట్టేవాణ్ణి, ఇప్పుడు ఈ కుర్రాడికి పెడుతున్నా అన్నాడు. నెట్ సెంటరు కుర్రాడు కూడా సర్వర్ డౌన్ అయినప్పుడు కళ్లజోడు వెతుక్కుంటాడు.

పదహారో వాయిదా నాడు నాకు రికార్డు రూము యోగం పట్టింది. హాలు దాటి, టేబుళ్లు దాటి, కంప్యూటర్లు దాటి, లైటు లేని గది. కిటికీ దగ్గర బీరువా. ఇక్కడ ఇంకో మాట చెప్పి ముందుకు వెళతాను. ఆర్కేన్ అని ఇంగ్లీషులో ఎసోటెరిక్‌కు పినతల్లి కూతురొకటుంది. అదీ మార్మికమే. లాటిన్‌లో 'ఆర్కా' అంటే పెట్టె, మన భోషాణం. పెట్టెలో పెట్టి మూసింది ఆర్కేన్. గ్రీకులకు గూఢవిద్య అనగానే గది గుర్తొచ్చింది, రోమన్లకు భోషాణం గుర్తొచ్చింది. మా ఆఫీసులో రెండూ ఉన్నాయి, గదిలో బీరువా. నాగరికతలు రెండూ కలిసిన చోటు అది. తాళం చెవి సెలవులో ఉన్నాయన దగ్గరుంది.

ఆయన వచ్చేదాకా ఇంకో గంట. వచ్చాడు. తెరిచాడు. బొద్దింకలు మర్యాదగా పక్కకు తప్పుకున్నాయి. రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ దించాడు, ఆర్‌ఎస్‌ఆర్ అంటారు. బ్రిటిష్ కాలం నాటిది. పేజీ తిప్పితే చివర్లు పెసర అప్పడంలా విరుగుతున్నాయి. నాకు గుండె దడ. తెర, హాలు, టేబులు, గది, బీరువా, పుస్తకం, పేజీ, గడి. ఇంతకంటే లోపల ఇక లేదు. పైథాగరస్ శిష్యులెవరూ ఇంత దూరం వచ్చి ఉండరు. మా సర్వే నంబరు మీద వేలు పెట్టాడాయన. వేలు అడ్డంగా జరుపుకుంటూ పట్టాదారు పేరు రాయాల్సిన గడి దగ్గరికి వచ్చాడు.

చుక్కలు.

అక్షరం లేదు. ఐదు చుక్కలు. వరసగా, ఓపిగ్గా, సిరా పాళీతో పెట్టిన ఐదు చుక్కలు.

తెలియనివారి కోసం చెబుతున్నాను. వీటినే చుక్కల భూములంటారు. మా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పుష్కలం. అప్పట్లో సర్వే చేసినవాళ్లు ఈ నేల సర్కారుదా, ప్రైవేటుదా అని తేల్చలేని చోట పేరుకు బదులు చుక్కలు పెట్టి ముందుకెళ్లారు. మా ఆడవాళ్లు సంక్రాంతికి వాకిట్లో చుక్కలు పెట్టి, ఎసట్లో బియ్యం పోసొచ్చి ముగ్గు కలుపుతారు. ఆ దొర చుక్కలు పెట్టి లోపలికి వెళ్లినవాడు తిరిగి రాలేదు. ముగ్గు కలపడానికి నూరేళ్లకు పైగా పట్టింది. ఈలోగా ఈ భూములు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితాలో పడి, అమ్ముకుందామంటే రిజిస్ట్రేషన్ జరగక, దున్నుకోవడానికి మాత్రమే సొంతమయ్యాయి. 2017లో వీటికోసం ప్రత్యేకంగా చట్టం చేశారు. 2023 మే నెలలో 2 లక్షల ఎకరాలకు పైగా చుక్కలు చెరిపి రైతులకు హక్కులిచ్చే సభ మా కావలిలోనే పెట్టారు. నేను కూడా వెళ్లాను. ఎండకు టవలు తడిపి నెత్తిన వేసుకుని కూర్చున్నాను. మా పక్క చేను రైతుకు వచ్చింది. ఆయన గడిలో ఏడు చుక్కలు.

ఆ తేడా నన్ను పట్టుకుంది. ఛందస్సు చెప్పినవాణ్ణి కదా, ఏడు చుక్కలకు వచ్చి ఐదు చుక్కలకు రాకపోవడంలో ఏదో గణభేదం ఉందనిపించింది. లఘువులా, గురువులా? వెనకటి గడిలోని సిరా మరక యతిస్థానంలో పడిందా? రికార్డు చూసే ఆయన్ను ఇదే అడిగాను.

ఆయన నా వైపు చాలాసేపు చూసి, "మాస్టారూ, ఆయన పెన్నులో సిరా అయిపోయుంటుంది" అన్నాడు.

ముప్పై నాలుగేళ్ల పాండిత్యంలో నాకు ఎదురైన అత్యుత్తమ వ్యాఖ్యానం అది. ఒప్పుకుంటున్నాను.

"మరి ఇప్పుడు నేనేం చెయ్యాలి సార్? లోపల కనుక్కోవాలా?"

"లోపల అయిపోయింది కదా, ఇదే ఆఖరు" అని రిజిస్టర్ మూసి, దుమ్ము ఊదుకుని, తాళం వేశాడు. "ఇక పైనుంచి రావాలి. పైన కనుక్కోండి."

పైన అంటే డివిజనా, జిల్లానా, అమరావతా అని అడగబోయి ఆగాను. ఒంటిగంటవుతోంది. బస్సెక్కి నెల్లూరులో దిగి, సంతపేట మీదుగా నడిచి పెన్న ఒడ్డుకు వెళ్లాను. ఎరుక ఉన్న పెరుమాళ్లు ఒకరున్నారని సామెత చెబుతోంది కదా. చెప్పులు బయట విడిచి, గాలిగోపురం కింద నుంచి వెళ్లేసరికి తెర వేసి ఉంది. నైవేద్యం వేళట.

"కూర్చోండి స్వామీ, తీస్తారు" అన్నాడు ఒకాయన.

మంటపంలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. నాతోపాటు ఇంకో ఐదుగురున్నారు. జేబులో ఫోను మోగింది. మేనల్లుడు మెసేజి పెట్టాడు: "మామా, పొలం సంగతి ఏమైంది?"

ముప్పావుగంట కథ ఎక్కడ టైపు చేస్తాను. ఐదు చుక్కలు పెట్టి పంపాను.

నిమిషంలో జవాబొచ్చింది. "అంటే?"